పన్నెండుకు పదమూడు ఎందుకు పట్టదు?

"పన్నెండు పానా కనపడ్తలేదన్నా. పదమూడు పెడితే ఏమైతది? ఒక్క మిల్లీమీటరే గదా!"

వరికోతల రోజుల్లో కోదాడ చుట్టుపక్కల ఆగిపోయిన ఏ హార్వెస్టర్ దగ్గర నిలబడ్డా ఈ మాట వినబడుతుంది. మిర్యాలగూడ మిల్లుల ముందు బారులు తీరిన ధాన్యం ట్రాక్టర్ల మధ్య, సూర్యాపేటలో హైవే పక్కన లారీ షెడ్లలో కూడా ఇదే ప్రశ్న. అడిగేది కొత్తగా పనిలో చేరిన కుర్రాడైతే పెద్ద మేస్త్రీ "పెట్టకురా" అని కసురుతాడు. ఎందుకు పెట్టకూడదో చెప్పే తీరిక ఆయనకుండదు. చేతికి తెలిసిన సంగతిని నోటితో చెప్పాల్సిన అవసరం ఆయనకు ఎప్పుడూ రాలేదు. మనకు తీరిక ఉంది కాబట్టి ఆ కారణమేమిటో చూద్దాం.

ఈ అధ్యాయంలో మనకు కావలసింది డీజిల్ ఇంజన్. అది ట్రాక్టర్ బానెట్ కింద ఉండొచ్చు, కాలవ గట్టున నీళ్లు తోడే ఆయిల్ ఇంజన్ కావచ్చు, సముద్రం మీద తెరచాప పడవ అడుగున ఇరుకు అరలో కూర్చుని ఉండొచ్చు. విప్పాలన్నా బిగించాలన్నా అన్నింటికీ పానాలే. ఏ ఇంజన్‌కు ఏ పానాలు కొనాలన్నది కొట్టులో తేలే విషయంలా కనిపిస్తుంది గానీ, దాని వెనక కొంత రేఖాగణితం, కొంత లోహశాస్త్రం, చాలా చరిత్ర ఉన్నాయి.

ఆరు పలకలు, ఆరు మూలలు

పానా మీద 13 అని అచ్చు పోసి ఉంటే అది బోల్టు లావును చెప్పే అంకె అనుకుంటారు చాలామంది. నిజానికి అది బోల్టు తలకు ఎదురెదురుగా ఉన్న రెండు పలకల మధ్య దూరం. 13 పానా పట్టే బోల్టు కాడ లావు మామూలుగా 8 మిల్లీమీటర్లే ఉంటుంది. 10 పానా పట్టే బోల్టు కాడ లావు 6.

ఇక తలను పలకల మీదుగా కాకుండా ఎదురెదురు మూలల మీదుగా కొలవండి. ఆరు పలకల తల ఏదైనా సరే, మూలల మధ్య దూరం పలకల మధ్య దూరం కన్నా దాదాపు 15 శాతం ఎక్కువ. 12 మిల్లీమీటర్ల తలకు మూలల మీద 13.9 వస్తుంది. ఈ రెండు కొలతల మధ్య తేడా రెండు మిల్లీమీటర్లకు లోపే. పానాకు దొరికే పట్టంతా ఆ కాస్త తేడాలోనే ఉంది. అది లేకపోతే తల గుండ్రంగా ఉన్నట్టే. గుండ్రటి తలను ఏ పానా తిప్పలేదు.

ఇప్పుడు 12 తల మీద 14 పానా పెట్టండి. మూలల మధ్య దూరం 13.9 కాబట్టి పానా ఎక్కడా తగలకుండా ఊరికే చుట్టూ తిరుగుతుంది. ఆ పొరపాటు ఎవరూ చేయరు, ఎందుకంటే వెంటనే తెలిసిపోతుంది. ప్రమాదమంతా 13తోనే. ఉన్న రెండు మిల్లీమీటర్ల పట్టులో అది సగానికి పైగా తినేస్తుంది. పెట్టాక దాదాపు పది డిగ్రీలు వదులుగా కదిలి, అప్పుడు మూలల దగ్గర తగులుకుంటుంది. చేతికి పట్టు దొరికినట్టే ఉంటుంది. కానీ పలక మీద పరుచుకోవాల్సిన బలమంతా మూల అంచున సన్నటి గీత మీద పడుతోంది. ఆ గీత దగ్గర ఇనుము నలుగుతుంది. నలిగిన కొద్దీ మూలల మధ్య దూరం తగ్గుతుంది, తగ్గిన కొద్దీ పానా ఇంకాస్త జారుతుంది. రెండు మూడుసార్లు ఇలా జరిగితే తల స్లిప్పయిపోతుంది. ఆ తర్వాత సరైన 12 పానా వెతికి తెచ్చినా అదీ పట్టదు. ఒక్క మిల్లీమీటరుతో అయ్యే నష్టం ఇదీ.

సరైన పానా కూడా తలకు అతికినట్టు ఉండదు, ఉండకూడదు. తలను రాసిన కొలత కన్నా కాస్త తక్కువగా, పానా నోటిని కాస్త ఎక్కువగా చేస్తారు. లేకపోతే బురద, రంగు, తుప్పు అంటిన తల మీదికి పానా దిగదు. చవక పానాలో చిక్కు ఇక్కడే మొదలవుతుంది. మెత్తటి ఇనుముతో చేసిన నోరు గట్టిగా లాగినప్పుడల్లా వెంట్రుకవాసి తెరుచుకుంటుంది. ఏడాది తిరిగేసరికి దాని మీద 12 అనే అంకె మిగులుతుంది గానీ కొలత మిగలదు. క్రోమ్ వెనేడియం ఉక్కును ఎర్రగా కాల్చి, అచ్చులో సమ్మెటతో కొట్టి చేసిన పానాకు ధర ఎక్కువ ఎందుకంటే దాని నోరు అలా సాగదు. మన దేశంలో చేతి పనిముట్లు ఎక్కువగా తయారయ్యేది పంజాబ్‌లోని జలంధర్, లూధియానాల్లో. నాసిక్‌లో చేసే టపారియా పానాలను మన మెకానిక్‌లందరూ ఎరుగుదురు.

అసలు ఆరు పలకలే ఎందుకు? నాలుగు పలకల తలకు పట్టు బాగా దొరుకుతుంది కానీ పానాను తీసి మళ్లీ పెట్టాలంటే పావు చుట్టు తిప్పేంత జాగా కావాలి. ఎనిమిది పలకలైతే తక్కువ జాగా చాలు కానీ తల గుండ్రానికి దగ్గరై తొందరగా జారుతుంది. ఆరు మధ్యేమార్గం. పూర్వపు బండ్లలో నాలుగు పలకల నట్లు కనబడతాయి. ఇంజన్లు చిన్నవై, చెయ్యి దూరే సందులు ఇరుకైన కొద్దీ ఆరే గెలిచింది.

మీ ఇంట్లో ఓపెన్ పానా ఉంటే బల్ల మీద పెట్టి చూడండి. నోరు కాడకు సూటిగా ఉండదు, 15 డిగ్రీలు పక్కకు వంగి ఉంటుంది. అది తయారీ లోపం అనుకునేవాళ్లున్నారు. నిజానికి ఎవరో చాలా తెలివిగా చేసిన పని అది. ఇరుకు సందులో పానాను 30 డిగ్రీలు తిప్పి, తీసి, బోర్లించి మళ్లీ పెడితే వంపు అటుది ఇటు మారి తర్వాతి పలకల జత అందుతుంది. సూటి నోరైతే ప్రతిసారీ 60 డిగ్రీల జాగా కావాలి. ట్రాక్టర్ ఛాసిస్ పక్కన స్టార్టర్ మోటార్ బోల్టు విప్పినవాళ్లకు ఈ 30 డిగ్రీల విలువ తెలుసు.

ఒకే బోల్టు, రకరకాల తలలు

ఇంకో ప్రశ్న. కాడ లావు 8 మిల్లీమీటర్లున్న బోల్టుకు ఒక బండిలో 13 పానా పడుతుంది, పక్కనున్న బండిలో 12 పడుతుంది. బోల్టు ఒకటే, మరలు ఒకటే. తల మాత్రం వేరు. ఎందుకని?

ఎందుకంటే ఆ రెండు ఇంజన్ల పుట్టిల్లు వేరు. జర్మనీ కొలతల ప్రకారం 8, 10, 12 మిల్లీమీటర్ల బోల్టులకు తలలు 13, 17, 19. జపాన్ వాళ్లు అవే బోల్టులకు చిన్న తలలు పెట్టుకున్నారు: 12, 14, 17. తర్వాత వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం 13ను అలాగే ఉంచి 17ను 16కూ, 19ని 18కీ తగ్గించింది. అందువల్ల కొత్త ఇంజన్లలో 16, 18 కూడా తగులుతాయి.

మన రోడ్ల మీద ఈ చరిత్రంతా ఒకేసారి తిరుగుతోంది. టాటాలు 1954లో జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్‌తో కలిసి లారీలు చేయడం మొదలుపెట్టారు. ఆ వరుస బండ్లలో 13, 17, 19 పానాలు తెగ అరుగుతాయి. వరి పొలాల్లో తిరిగే కుబోటా యంత్రాలు జపాన్ వరుసవి. వాటి దగ్గర 10, 12, 14, 17 చేతిలో ఉంటే చాలా పని జరిగిపోతుంది. పాత మాసీ ఫెర్గూసన్ ట్రాక్టర్ల ఇంజన్ ఇంగ్లండ్‌కు చెందిన పెర్కిన్స్‌ది. దాని బోల్టులు అంగుళాల లెక్కలో ఉంటాయి. అర అంగుళం, 9/16, 3/4 అన్నమాట. వీటిలో 3/4 అంటే 19.05 మిల్లీమీటర్లు, 19 పానా చక్కగా పడుతుంది. 7/16 అంటే 11.1, దానికి 11తో పని గడిచిపోవచ్చు. అర అంగుళం 12.7 కాబట్టి 13 పానా కొంచెం వదులుగా కూర్చుంటుంది. తేలిగ్గా తిరిగే బోల్టుకైతే ఫరవాలేదు, మొండికేసిన బోల్టుకు మాత్రం వద్దు. ఇక 9/16 అంటే 14.3. దానికి 14 దిగదు, 15 వదులు. అలాంటి ట్రాక్టర్ ఉన్నవాళ్లు అంగుళాల పానా ఒకటి విడిగా కొనాల్సిందే, వేరే దారి లేదు.

ఇంకా వెనక్కి వెళ్తే కథ ఇంకా చిక్కుపడుతుంది. మరలకు దేశమంతటా ఒకే కొలత ఉండాలని మొదట గట్టిగా ప్రతిపాదించినవాడు జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంగ్లీషు ఇంజనీరు, 1841లో. అంతకు ముందు ఏ కార్ఖానా మర దానిదే. ఒకరి నట్టు మరొకరి బోల్టుకు ఎక్కేది కాదు. ఆయన వరుసలో చేసిన పానాల మీద పలకల మధ్య దూరం ఉండదు, బోల్టు కాడ లావు ఉంటుంది. అందుకే పావు అంగుళం అని రాసి ఉన్న విట్‌వర్త్ పానా నోరు 13 మిల్లీమీటర్లు దాటి ఉంటుంది. ఇంగ్లండ్‌లోని డర్స్‌లీ ఊళ్లో పుట్టిన లిస్టర్ ఇంజన్లకు గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో నకళ్లు తయారయ్యాయి. కరెంటు సరిగా లేని కాలంలో నీళ్లు తోడటానికి, పిండిమరలు తిప్పడానికి ఆ తరహా ఇంజన్లే దిక్కు. తూనికలు, కొలతల చట్టం 1956లో వచ్చి దేశం మెట్రిక్ బాట పట్టినా, అప్పటికే నడుస్తున్న ఇంజన్ల బోల్టులను ఏ చట్టమూ మార్చలేదు. తాతల నాటి పానా మీద విచిత్రమైన భిన్నం కనబడితే దాన్ని పాత ఇనుముకు వేసేయకండి. దానికి సరిపోయే నట్టు ఎక్కడో ఇంకా బతికే ఉంటుంది.

ఈ తికమకలో అసలు ప్రమాదం వేరే చోట ఉంది. 17 పానానే తీసుకోండి. టాటా వరుసలో అది 10 మిల్లీమీటర్ల బోల్టును తిప్పుతుంది, జపాన్ వరుసలో 12 మిల్లీమీటర్ల బోల్టును. చేతిలో పానా అదే, అలవాటు అదే. కానీ రెండో బోల్టు మొదటిదానికన్నా చాలా గట్టిది. దాన్ని ఒకటిన్నర రెట్లకు పైగా బలంతో బిగించాలి. హార్వెస్టర్ మీద పనిచేసి వచ్చిన చెయ్యి అదే ఊపులో లారీ బోల్టును బిగిస్తే ఏమవుతుందో ఊహించవచ్చు. పానా అంకెను బట్టి బలం వేయకూడదు, బోల్టు కాడను బట్టి వేయాలి.

పానా పొడవులో ఉన్న లెక్క

పానాల సెట్టును పరిస్తే చిన్న అంకె పానా పొట్టిగా, పెద్ద అంకె పానా పొడుగ్గా ఉంటాయి. ఇనుము ఆదా కోసమే అలా చేశారనుకుంటే పొరపాటు. పానా పొడవు బోల్టుకు రక్షణ.

బోల్టును తిప్పేది మన బలం ఒక్కటే కాదు, ఆ బలం ఎంత దూరం నుంచి పడుతుందన్నది కూడా. ఈ రెండూ కలిసినదాన్ని టార్క్ అంటారు. తిప్పుడు బలం అని పిలుచుకుందాం. మీటరు పొడవు పానా చివర కిలో బరువు వేలాడదీస్తే వచ్చేది ఒక కిలోగ్రాం-మీటరు. 6 మిల్లీమీటర్ల మామూలు ఉక్కు బోల్టుకు కావలసింది సుమారు అంతే. 10 పానా పొడవు జానెడులో సగానికి కాస్త ఎక్కువ. దాని చివర ఎనిమిది కిలోల బలంతో లాగితే సరిగ్గా ఆ బిగింపు వస్తుంది. ఎనిమిది కిలోలు మామూలు మనిషి మణికట్టుకు సుఖంగా వచ్చే బలం. అదే పానా అడుగు పొడవుంటే మూడు కిలోలు చాలు. అప్పుడు మణికట్టు అలవాటుగా ఎనిమిది కిలోలూ వేస్తే బోల్టు మెడ విరుగుతుంది. సగం ముక్క ఇంజన్ బ్లాకులో ఉండిపోతుంది. దాన్ని బయటికి తీయడానికి లేత్ మేస్త్రీకి ఇచ్చే డబ్బుతో మంచి పానాల సెట్టు వస్తుంది.

బోల్టు లావు పెరిగే కొద్దీ ఈ లెక్క వేగంగా మారుతుంది. లావు రెట్టింపయితే కావలసిన తిప్పుడు బలం సుమారు ఎనిమిది రెట్లవుతుంది. 6 మిల్లీమీటర్ల బోల్టుకు ఒకటి అయితే, 8కి రెండున్నర, 10కి ఐదు, 12కి ఎనిమిదిన్నర. అందుకే 19 పానా అంత పొడుగు, 10 పానా అంత పొట్టి. పానాకు పైపు తొడిగి పొడవు పెంచేవాళ్లు ఈ లెక్కను ఒక్క దెబ్బతో చెరిపేస్తారు. విప్పడానికి పైపు తొడిగితే కొన్నిసార్లు క్షమించవచ్చు. బిగించడానికి తొడగడం మాత్రం తప్పు.

ఇంతకీ బిగించడమంటే ఏమిటి? నట్టు తిరగడం ఆగిపోవడమేనా? మిర్యాలగూడలో బియ్యం లోడు ఎత్తిన లారీకి తాడు కట్టడం చూసే ఉంటారు. టార్పాలిన్ మీదుగా తాడు వేసి, ఇద్దరు మనుషులు కాలు తన్నిపెట్టి లాగుతారు. తాడు కాస్త సాగుతుంది. ఆ సాగిన తాడు తిరిగి పొట్టిదవ్వాలని చూస్తూ ఉంటుంది, బస్తాలను అదిమిపట్టేది ఆ లాగుడే. ముడి ఎంత గట్టిగా వేసినా తాడు సాగకపోతే పది కిలోమీటర్లకే లోడు కదులుతుంది. మరీ లాగితే తాడు తెగుతుంది. తెగకపోయినా పీచు పీచుగా సాగిపోయి మళ్లీ పనికిరాదు. బోల్టు సరిగ్గా ఇదే. నట్టు తిప్పుతున్నప్పుడు బోల్టు కాడ కంటికి కనబడనంత సాగుతుంది. ఆ సాగుడులో పుట్టే లాగుడే రెండు భాగాలనూ అదిమి పడుతుంది. నట్టు ముడి లాంటిది, బోల్టు కాడ తాడు లాంటిది. బిగించాల్సింది తాడును.

తమాషా ఏమిటంటే మనం వేసే బలంలో బోల్టును సాగదీసేది దాదాపు పదో వంతే. సగం బలం తల కింద రాపిడికి పోతుంది, ఇంకో నలభై శాతం మరల్లో రాపిడికి. మరలకు తుప్పు పట్టిందనుకోండి, రాపిడి పెరుగుతుంది. చేతికి గట్టిగా బిగిసినట్టే అనిపిస్తుంది కానీ బోల్టు సాగనే లేదు. మరలకు నూనె రాశారనుకోండి, రాపిడి తగ్గి అదే బలానికి బోల్టు ఎక్కువ సాగుతుంది, తెగనూ వచ్చు. అందుకే ఇంజన్ పుస్తకంలో బిగింపు అంకె పక్కన మరలు పొడిగా ఉండాలో నూనె రాయాలో రాసి ఉంటుంది. ఆ మాటను దాటేసి అంకె ఒక్కటే చూడటం మనవాళ్లకు అలవాటు.

డీజిల్ ఇంజన్‌కు ఈ పట్టింపు ఎందుకింత అంటే, అది మండే తీరు వల్ల. పెట్రోల్ ఇంజన్‌లా దీనికి నిప్పురవ్వ ఉండదు. గాలిని పదహారు నుంచి ఇరవై రెట్లు కుదించి, ఆ వేడికే డీజిల్ మండేలా చేస్తారు. 100 మిల్లీమీటర్ల బోరున్న సిలిండర్‌లో మంట పుట్టిన క్షణాన చదరపు సెంటీమీటరుకు 80 కిలోల ఒత్తిడి ఉందనుకుంటే సిలిండర్ మీద మూతలా ఉండే హెడ్డును పైకి తోసే బలం ఆరు టన్నులు దాటుతుంది. నిమిషానికి 2000 చుట్లు తిరిగే ఇంజన్‌లో ప్రతి సిలిండర్‌లోనూ ఇది సెకనుకు పదహారు సార్లు జరుగుతుంది. హెడ్డు బోల్టుల్లో ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ సాగి ఉంటే హెడ్డు ఒక పక్క లేస్తుంది. గాస్కెట్ కాలుతుంది, నీళ్లు ఆయిల్‌లో కలుస్తాయి. హెడ్డు బోల్టులను మధ్యనుంచి మొదలుపెట్టి అంచులకు, ఒకేసారి కాకుండా రెండు మూడు విడతల్లో బిగించేది ఇందుకే. విప్పేటప్పుడు అంచుల నుంచి మధ్యకు. ఈ పని అంచనాతో చేయకూడదు, టార్క్ రెంచి కావాలి. ఎప్పుడో ఒకసారి కావలసిన పనిముట్టు కాబట్టి నలుగురు కలిసి కొనుక్కున్నా సరిపోతుంది.

రింగు ఎక్కడ, ఓపెన్ ఎక్కడ

నా తీర్పు ముందే చెబుతాను. రింగు పానా దూరగలిగిన ప్రతి చోటా రింగే వాడాలి. ఓపెన్ పానా బోల్టును రెండు పలకల మీద పట్టుకుంటుంది, రింగు చుట్టూ అన్ని మూలల్నీ పట్టుకుంటుంది. రింగు నోరు తెరుచుకోవడానికి వీల్లేదు. రింగుల్లోనూ రెండు రకాలు. పన్నెండు గాళ్ల రింగు ప్రతి 30 డిగ్రీలకూ కూర్చుంటుంది కాబట్టి ఇరుకులో సుఖం. ఆరు గాళ్లది 60 డిగ్రీలకు గానీ కూర్చోదు, కానీ మూలకు దూరంగా పలక మీద ఒత్తుతుంది. తుప్పు పట్టిన తలకు, సగం నలిగిన తలకు ఆరు గాళ్లదే మందు.

ఓపెన్ పానాకు తప్పనిసరి చోటు ఒకటుంది. డీజిల్ పంపు నుంచి ఇంజెక్టర్లకు వెళ్లే ఉక్కు పైపుల నట్లు. పైపు మధ్యలో ఉంటే రింగు ఎలా దూరుతుంది? డీజిల్ అయిపోయి గాలి పట్టిన ఇంజన్‌కు ఎయిర్ తీయాలంటే ఈ నట్లనే వదులు చేయాలి. మామూలు ఓపెన్ పానాతో పదేపదే విప్పితే వీటి మూలలు నలిగిపోతాయి. పైపు దూరేంత సందు కోసి పెట్టిన రింగు పానా ఒకటి ఉంటుంది. మిగతా ఐదు మూలలనూ పట్టుకుంటుంది కాబట్టి డీజిల్ పైపులకు దాన్ని మించినది లేదు. ఊళ్లలో దీన్ని వాడేవాళ్లు తక్కువ. కొనదగిన పానా అది.

పైపు నట్టు విప్పేటప్పుడు పంపు మీద దాని కింద ఉన్న ఇంకో ఆరు పలకల తలను రెండో పానాతో కదలకుండా పట్టుకోవాలి. లేకపోతే పైపు నట్టుతో పాటు అది కూడా తిరిగి పంపు కారడం మొదలవుతుంది. ఇక్కడే మన సెట్ల లోటు బయటపడుతుంది. బజారులో దొరికే ఓపెన్ పానాల సెట్టు 6-7, 8-9, 10-11, 12-13, 14-15, 16-17, 18-19, 20-22 అని సాగుతుంది. చూడటానికి నిండుగా ఉంటుంది కానీ ప్రతి అంకె ఒక్కటే. బోల్టు తలా, నట్టూ రెండూ 13 అయినప్పుడు ఒకదాన్ని పట్టుకుని రెండోదాన్ని తిప్పాలి. 13 ఒక్కటే ఉంది. అప్పుడే కటింగ్ ప్లయర్ బయటికి వస్తుంది, నట్టు చెడుతుంది. ఓపెన్ సెట్టు ఒకటి, రింగు సెట్టు ఒకటి కొంటే ప్రతి అంకెకూ జత దొరుకుతుంది. పదహారు ముక్కల ఓపెన్ సెట్టు కన్నా ఎనిమిదేసి ముక్కల రెండు సెట్లు మేలు.

ఎయిర్ తీసేటప్పుడు ఒక జాగ్రత్త. ఇంజెక్టర్ నుంచి డీజిల్ దాదాపు 200 వాతావరణాల ఒత్తిడితో చిమ్ముతుంది. ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంత గాయమే కనబడుతుంది, లోపల కండరం కుళ్లిపోతుంది. కారుతోందేమోనని వేలితో తడిమి చూడకూడదు. ఎవరికైనా అలా తగిలితే నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

నోరు వెడల్పు మార్చుకునే స్క్రూ పానా గురించి. ఇప్పుడు మనం వాడే రూపానికి 1892లో పేటెంట్ తీసుకున్నవాడు స్వీడన్‌కు చెందిన యోహాన్ పెట్టర్ యోహాన్సన్. గొప్ప ఆలోచనే. కానీ కదిలే దవడకు ఎప్పుడూ కొంత వదులు ఉంటుంది, ఆ వదులే మనం ఇంతసేపు చెప్పుకున్న ఆ ఒక్క మిల్లీమీటరు. కుళాయి నట్లకు అది చాలు. ఇంజన్ దగ్గర దాన్ని రెండో పానాగా, కదలకుండా పట్టుకోవడానికి మాత్రమే వాడండి.

బ్యాటరీ దగ్గర ఏ పానా అయినా ప్రమాదమే. ముందు నెగటివ్ వైరు విప్పాలి, చివర దాన్నే బిగించాలి. ఈ వరుస తప్పి పాజిటివ్ మీద ఉన్న పానా బాడీకి తగిలితే అది క్షణంలో ఎర్రబడుతుంది.

నడిసముద్రంలో హార్డ్‌వేర్ షాపు ఉండదు

గాలితో నడిచే పడవకు ఇంజన్ ఎందుకు? గాలి పడిపోయినప్పుడు కదలడానికి, రేవులో ఇతర పడవల మధ్య మెల్లగా దూరడానికి, బ్యాటరీలు ఎక్కించడానికి. తెరచాప పడవల్లో ఎక్కువగా కనిపించే చిన్న డీజిల్ ఇంజన్లలో యాన్మార్ ఒకటి. దాన్ని స్థాపించిన యమఒకా మాగొకిచి రైతు బిడ్డ. 1933లో ఆయన చిన్న డీజిల్ ఇంజన్‌ను తయారు చేశాడు. ఇంగ్లండ్‌లోని బీటా మెరీన్, ఫ్రాన్స్‌లోని నాన్ని అనే కంపెనీలు కుబోటా ఇంజన్లనే తీసుకుని పడవలకు తగ్గట్టు మార్చి అమ్ముతాయి. అంటే వరి పొలంలో హార్వెస్టర్‌కు పట్టే 12, 14 పానాలే అట్లాంటిక్ మీద పడవకూ పడతాయి.

2017 సెప్టెంబరు 10న గోవా నుంచి ఐఎన్ఎస్‌వీ తారిణి అనే 55 అడుగుల తెరచాప పడవలో ఆరుగురు నౌకాదళ మహిళా అధికారులు ప్రపంచాన్ని చుట్టడానికి బయలుదేరారు. వాళ్లలో ఇద్దరు తెలుగువాళ్లు, విశాఖపట్నానికి చెందిన పాతర్లపల్లి స్వాతి, హైదరాబాద్‌కు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య. 21,600 నాటికల్ మైళ్లు తిరిగి 2018 మే 21న గోవా చేరారు. స్టీరింగ్ చెడిపోయి మారిషస్‌లో ఆగాల్సి వచ్చింది. అలాంటి ప్రయాణంలో రేవు వారాల దూరంలో ఉంటుంది. కోదాడ పొలంలో ఆగిన మిషన్‌కు బజారు నుంచి బైకు మీద పానా తెప్పించవచ్చు. అక్కడ పెట్టెలో ఏముందో అదే.

ఉప్పు గాలి పానాలనూ వదలదు. క్రోమ్ పూత లేచిన చోట తుప్పు మొదలవుతుంది. పడవల మీద పానాలను నూనె గుడ్డలో చుట్టి ఉంచుతారు. ఇంకో చిక్కు, అల్యూమినియం భాగంలో స్టెయిన్‌లెస్ బోల్టు. ఉప్పునీళ్లు తగిలితే ఈ రెండు లోహాల మధ్య చిన్న విద్యుత్తు పుట్టి అల్యూమినియం తెల్లటి పొడిగా మారి బోల్టును కరిచేస్తుంది. మన దగ్గర ఉప్పు లేదు కానీ వరి బురద ఉంది, ఎరువుల చెమ్మ ఉంది. మొండికేసిన బోల్టుకు వైద్యం రెండు చోట్లా ఒకటే. తుప్పు వదిలించే నూనె గానీ కనీసం డీజిల్ గానీ వేసి రాత్రంతా వదిలేయాలి. తల మీద సుత్తితో నాలుగు దెబ్బలు కొడితే తుప్పు పొర బీటలు వారుతుంది. ముందు కాస్త బిగించి, కదిలాక విప్పాలి. పానాను తోయకండి, మీ వైపుకు లాగండి. జారినా వేళ్లు ఇనుముకు గుద్దుకోవు.

పానాలు కొనే ముందు సుద్దముక్క, కాగితం పట్టుకుని మీ ఇంజన్ చుట్టూ ఒకసారి తిరగండి. ఫిల్టర్, ఎయిర్ తీసే స్క్రూ, పంపు పైపులు, ఆయిల్ ప్లగ్గు, బెల్టు టెన్షన్ బోల్టు, బ్యాటరీ క్లాంపు, వాటర్ పంపు. ఏ తలకు ఏ అంకె పట్టిందో, అక్కడ రింగు దూరుతుందో లేదో, రెండో పానా కావాలో రాసుకోండి. కాగితం మీద పదికి మించి అంకెలు తేలవు. ఆ అంకెల్లో మంచి రకానివి జతలుగా కొనండి. మిగతా సైజులను కొట్టులోనే ఉండనివ్వండి.